గేజి అదే 1.20, డిశ్చార్జి మాత్రం 6.8 నుంచి 10.1 అయింది. తప్పు ఎక్కడ?

వంకగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వేంపల్లె వైపు నుంచి వచ్చి పాపాఘ్నిలో కలిసే ఒక వంక మీద గేజింగ్ (నీటిమట్టం, పారే నీళ్ల కొలత) నడుస్తోంది. అడుగు అంతా ఇసుక, రెండు పక్కలా మట్టిగట్లు. గేజి పట్టీకి (నీటిమట్టం చదివే గీతల పట్టీకి) 60 మీటర్ల దిగువన అడ్డంగా ఇసుక మేట ఉంది. పోయిన ఏడు గీసిన రేటింగ్ కర్వ్ (గేజిని బట్టి డిశ్చార్జి చెప్పే లెక్క) ఇది: డిశ్చార్జి = 8.82 × (గేజి − 0.35) ఘాతం 1.6. ఆగస్టులో కొలిస్తే దానిమీదే పడింది. అక్టోబరులో అదే గేజి దగ్గర కొలిస్తే ఎక్కడో పడింది.

ఆగస్టు: గేజి 1.20, నీటి వెడల్పు 24.0 మీ., వైశాల్యం 12.1 చ.మీ., సగటు వేగం సెకనుకు 0.56 మీ., డిశ్చార్జి (పారే నీళ్లు) 6.8 క్యుమెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపు మీటర్లు.
అక్టోబరు: గేజి 1.20, వెడల్పు 24.3, వైశాల్యం 15.6, సగటు వేగం 0.65, డిశ్చార్జి 10.1.

రెండుసార్లూ నీటి వేగం కొలిచే అదే కప్పుల కరెంట్ మీటరు, నీళ్లలో దిగి పట్టుకునే అదే వేడింగ్ రాడ్. 3 మీటర్లకొకటి చొప్పున 7 వర్టికల్స్ (లోతు, వేగం కొలిచే చోట్లు), ఒక్కోచోట 60 సెకన్లు, అన్నీ 0.6 లోతులోనే (పైనుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర). నడుమ సెప్టెంబరు వరదకు కింది గేజి పట్టీ కొట్టుకుపోయింది. వారంలో మేస్త్రీతో మళ్లీ బిగించారు. అక్టోబరు కొలతను పక్కన పెట్టేయాలా? కర్వ్‌కు దగ్గరగా సర్ది రాసేయమని ఒక సలహా కూడా వచ్చింది.

ఇసుకమేట

సర్దొద్దు తమ్ముడూ. పక్కనా పెట్టొద్దు. నువ్విచ్చిన అంకెల్లోనే సగం జవాబుంది.

గేజి ఒకటే అయినా వైశాల్యం 3.5 చ.మీ. పెరిగింది. 24 మీటర్ల వెడల్పుకు పంచితే సగటున 15 సెం.మీ. ఇందుకు రెండే దారులు. అడుగు 15 సెం.మీ. కోసుకుపోయి ఉండాలి, లేదా కొత్త పట్టీ సున్నా 15 సెం.మీ. పైకి వెళ్లి ఉండాలి. అంటే పట్టీ 1.20 చూపిస్తున్నా నీళ్లు నిజానికి పాత లెక్కన 1.35 దగ్గర ఉన్నాయన్నమాట. లేదంటే రెండూ కొంచెం కొంచెం.

పట్టీ కుంగిందేమో, పక్కకు ఒరిగిందేమో అని చాలామంది మొదట అనుమానిస్తారు. ఇక్కడ ఆ రెండూ కుదరవు. కుంగితే సున్నా కిందికి దిగుతుంది. అప్పుడు 1.20 చదివినప్పుడు నిజమైన నీటిమట్టం తక్కువ ఉంటుంది, డిశ్చార్జి తగ్గాలి. ఒరిగినా అంతే. 10 డిగ్రీలు వాలిన పట్టీ మీద 1.20 అంటే నిట్టనిలువుగా 1.18. నీకు డిశ్చార్జి పెరిగింది కాబట్టి పట్టీది తప్పయితే అది పైకే జరిగి ఉండాలి. కొట్టుకుపోయిన పట్టీని మళ్లీ బిగించేటప్పుడు జరిగేది సరిగ్గా అదే: పాత గుంత పూడిపోయి ఉంటుంది, తవ్వినంత తవ్వి కాంక్రీటు వేసి నిలబెట్టేస్తారు.

ఇప్పుడు వెడల్పు చూడు. మీ గట్టు వాలు ఎంతో రాయలేదు. నాలుగుకు ఒకటి అనుకుంటే, నీటిమట్టం నిజంగా 15 సెం.మీ. పెరిగితే ఒక్కో పక్క 60 సెం.మీ. చొప్పున మొత్తం 1.2 మీటర్ల వెడల్పు పెరగాలి. నీకు పెరిగింది 30 సెం.మీ. మాత్రమే, అంటే మట్టంలో 4 సెం.మీ. అయితే బురద అంచు దగ్గర టేపు కొలతను అంతగా నమ్మలేం. ఎత్తు తేడా కొలిచే డంపీ లెవెలో ఆటో లెవెలో తీసుకెళ్లి బెంచ్‌మార్క్ (ఎత్తు తెలిసిన కదలని గుర్తు) నుంచి పట్టీ మీది ఒక గుర్తు దాకా రీడింగ్ తీయాల్సిందే. పోనూ, రానూ రెండుసార్లు తియ్యి. రెండింటికీ తేడా 3 మి.మీ. దాటితే మళ్లీ మొదలుపెట్టు. బెంచ్‌మార్క్ గట్టు మీది మట్టిలో పాతిన రాయి అయితే దాన్నీ నమ్మకు. వంతెన పిల్లరు మీదో, నాటు బండ మీదో ఇంకో గుర్తు పెట్టుకుని రెండింటినీ సరిచూడు.

అక్కడికి వెళ్లినప్పుడు ఇంకో పని. ఇసుక మేట దగ్గర నీళ్లు దాటే చోట అన్నింటికంటే లోతైన చోటు వెతికి, ఆ లోతు కొలువు. అదే సమయంలో పట్టీ చదువు. పట్టీ రీడింగ్‌లోంచి ఆ లోతు తీసేస్తే వచ్చేది పారుదల ఆగిపోయే గేజి. నీ కర్వ్‌లో 0.35 అని ఉన్నది అదే. సెక్షన్‌లో, అంటే నువ్వు కొలిచే చోట, అడుగు ఎంత కోసుకుపోయినా దిగువ మేట చెక్కుచెదరకుంటే గేజికి, డిశ్చార్జికి ఉన్న లెక్క మారదు. వైశాల్యం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, లబ్ధం అంతే ఉంటుంది. నీకు రెండూ పెరిగాయి. అందుకే నా అనుమానమంతా ఆ మేట మీదే.

కొలిచేటప్పుడు నీళ్లు ఎక్కుతున్నాయా, దిగుతున్నాయా? అదీ రాయి. ఎక్కేటప్పుడు అదే గేజికి ఎక్కువ పారుతుంది, దిగేటప్పుడు తక్కువ.

స్పిన్‌టెస్ట్

పైన చెప్పినదంతా నిజమే. కానీ ముందు ఆ రెండు కొలతలు ఎంతవరకు గట్టివో చూడాలి కదా.

7 వర్టికల్స్ చాలవు. నడుమ వర్టికల్ లెక్క వేసి చూడండి: వెడల్పు 3 మీ., లోతు 0.74, వేగం 0.80 అనుకుంటే ఆ ఒక్క ముక్కే 1.78 క్యుమెక్కులు. మొత్తం 6.8లో 26 శాతం. అక్కడ రాడ్ ఒక గుంతలో దిగిందా, ఇసుక దిబ్బ మీద నిలిచిందా అన్నదాన్ని బట్టి మీ డిశ్చార్జి మారిపోతుంది. ఏ ముక్కలోనూ మొత్తంలో 10 శాతం మించకూడదు, 5 దగ్గర ఉంటే మంచిది. 24 మీటర్ల వంకకు 20 నుంచి 25 వర్టికల్స్ పెట్టండి. అన్నీ సమాన దూరంలో అక్కర్లేదు. గట్ల దగ్గర దూరంగా, పారుదల బలంగా ఉన్నచోట 70–80 సెం.మీ.కి ఒకటి.

ఒక వర్టికల్ లెక్క ఇలా. రాడ్ 9 మీ. దగ్గర, దాని పక్కవి 8, 10. అంటే ఈ ముక్క వెడల్పు 1.0. లోతు 0.62. మీటరును అడుగు నుంచి 0.4 × 0.62, అంటే 25 సెం.మీ. ఎత్తులో బిగించాలి. 0.6 లోతు అంటే పైనుంచి. దీన్ని అడుగు నుంచి లెక్కపెట్టి మీటరును 37 సెం.మీ.లో బిగించేవాళ్లు ఉన్నారు, వాళ్లకు వేగం ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. 60 సెకన్లలో 42 టిక్కులు (తిరుగుడుకొకటి) వచ్చాయనుకోండి, సెకనుకు 0.70 తిరుగుళ్లు. పెద్ద కప్పుల మీటరు సమీకరణం సుమారుగా వేగం = 0.672 × తిరుగుళ్లు + 0.005. వేగం 0.475. డిశ్చార్జి 0.475 × 0.62 × 1.0 = 0.295. మీ మీటరు పెట్టెలో దాని సొంత రేటింగ్ చార్టు ఉంటుంది, లెక్కకు అదే వాడాలి. చిన్న పిగ్మీ మీటరు చార్టు పొరపాటున చేతికొస్తే అదే 0.70కి వేగం 0.21 చూపిస్తుంది. సగం కూడా కాదు! రెండు మీటర్లూ ఉన్న చోట చార్టులు వేరు వేరు పెట్టెల మూతల లోపల అంటించి ఉంచండి.

అక్టోబరులో 0.6 ఒక్కటే తీసుకోవడం ఇంకో లోపం. వైశాల్యం 15.6 అంటే నడుమ లోతు 0.75 కచ్చితంగా దాటి ఉంటుంది. అక్కడ 0.2, 0.8 రెండుచోట్లా తీసి సగటు వేయాలి. పైది కిందిదానికంటే ఎక్కువుండాలి, కానీ రెట్టింపుకు చేరకూడదు. అలా లేకుంటే 0.6 దగ్గర కూడా తీయండి. అడుగున రాయో, చెట్టు వేరో ఉన్నట్టు లెక్క.

మీటరు సంగతి. నీళ్లలో దించే ముందు గాలి తగలని చోట, కారులోనో పెట్టె మూత చాటునో, కప్పులను వేలితో తిప్పి వదలండి. పెద్ద మీటరు బాగుంటే నాలుగు నిమిషాల దాకా తిరుగుతుంది, ఒకటిన్నర నిమిషంలోపే ఆగితే పని చేయించకండి. ఆగే తీరు కూడా గమనించండి. మెల్లగా మెల్లగా ఆగితే సరే. టక్కున ఆగి కొంచెం వెనక్కి ఊగిందంటే పివట్ (కప్పులు తిరిగే సూది) మొన దగ్గర ఇసుక రేణువు ఉంది, లేదా మొన అరిగింది. పాపాఘ్ని నీళ్లలో వాడిన మీటరును ఆ పూటే మంచినీళ్లలో కడిగి, విప్పి, తుడిచి, ఒక చుక్క నూనె వేయకపోతే మరుసటి రోజుకే ఇలా తయారవుతుంది. ఇసుక పట్టిన మీటరు ఎక్కువ తప్పు చూపేది నెమ్మది నీళ్లలోనే, గట్టు పక్క ముక్కల్లో. ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు పంపాలి. పుణే ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో దానికి ప్రత్యేకంగా ట్యాంకు, ట్రాలీ ఉన్నాయి.

నిలబడే తీరు ఒకటి: వంకకు అడ్డంగా కట్టిన కొలత తాడుకు దిగువన, మీటరుకు చేయి చాచినంత పక్కకు. కాళ్ల మధ్య నుంచి నీళ్లు మీటరుకు తగలకూడదు. ఇసుక అడుగులో ఒకేచోట ఎక్కువసేపు నిలబడితే పాదాల కింద గుంత పడి, ఆ గుంత పక్కనున్న రాడ్ దగ్గరికీ పాకుతుంది. రాడ్ దించగానే లోతు చదివేయండి. టిక్కులు లెక్కపెట్టాక చదివితే 3–4 సెం.మీ. ఎక్కువ వస్తుంది.

నీళ్లు తాడుకు అడ్డదిడ్డంగా పారుతుంటే కోణం రాసుకుని కొసైన్‌తో గుణించాలి. 20 డిగ్రీలకు 0.94, 30కి 0.87. కప్పుల మీటరు ఏ దిక్కు నుంచి నీళ్లొచ్చినా తిరుగుతుంది, కోణం దానికి తెలియదు.

చెన్నూరు వంతెన

ఒక మాట ముందే చెప్తే మేలు: లోతును వేగంతో గుణించి 1 దాటుతుంటే నీళ్లలో దిగొద్దు. మీటరు లోతు, సెకనుకు మీటరు వేగం, అంతే హద్దు. ఇసుక వంకల్లో అది కూడా ఎక్కువే, కాలి కింద ఇసుక జారుతూనే ఉంటుంది.

ఆ హద్దు దాటాక వంతెన మీది నుంచి మీటరుకు బరువు కట్టి దించడమే. తాడు వాలితే లోతు దిద్దాలి: నీటి పైన ఉన్న తాడుకు 12 డిగ్రీల వాలులో 2.2 శాతం, నీటిలో ఉన్నదానికి 0.7 శాతం. 20 డిగ్రీలకు 6.4, 2.0. వంతెన ఎత్తు ఎక్కువైన చోట మొదటిదే కొంప ముంచుతుంది. వాలు ఎక్కువవుతుంటే లెక్కలతో కుస్తీ పట్టే బదులు బరువు పెంచండి.

అదీ కుదరకపోతే తేలే వస్తువు. సగానికిపైగా నీళ్లు నింపి మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలు పది సిద్ధంగా పెట్టుకోండి. ఖాళీ సీసా వేస్తే గాలి వేగం కొలిచినట్టే. రెండు గుర్తుల మధ్య 20 సెకన్లకు పైగా పట్టేంత దూరం ఉండాలి. వెడల్పంతా మూడు నాలుగు చోట్ల వదలండి. పైవేగాన్ని 0.85తో గుణిస్తే సగటు వేగం సుమారుగా వస్తుంది.

వంక రాత్రి వచ్చి తెల్లారేసరికి పోతుంది. మన జిల్లాలో అది మామూలే. వరద శిఖరం (ఎక్కిన గరిష్ఠ మట్టం) పట్టాలంటే అక్కడే ఒక గొట్టం పాతండి: రెండంగుళాల జీఐ పైపు, కింద చిన్న చిన్న రంధ్రాలు, పైన గాలి పోయే రంధ్రం, లోపల చెక్క కడ్డీ, అడుగున గుప్పెడు బెండు పొడి. నీళ్లు ఎక్కినంత ఎత్తున పొడి కడ్డీకి అంటుకుంటుంది. ప్రతి వరద తర్వాత గీత కొలిచి, తుడిచి, పొడి మళ్లీ వేయాలి. తుడవకపోతే పాత గీతనే కొత్త వరదగా రాస్తారు.

వంకగట్టు

అన్నా, లెవెల్ పెట్టాం. బెంచ్‌మార్క్ వంతెన పిల్లరు మీదిది, 100.000 అని మేం పెట్టుకున్నది. బ్యాక్‌సైట్ (బెంచ్‌మార్క్ మీద నిలబెట్టిన కొలత కర్ర, అంటే స్టాఫ్, రీడింగ్) 1.345. పట్టీ 2 మీటర్ల గుర్తు మీద స్టాఫ్ 2.805. పాత రిజిస్టరు ప్రకారం పట్టీ సున్నా 96.500. తిరుగు లెవెలింగ్ తేడా 2 మి.మీ.

మేట దగ్గర అన్నింటికంటే లోతు 0.47. అప్పుడు పట్టీ 0.62. గట్టు వాలు మీరనుకున్నట్టే నాలుగుకు ఒకటికి దగ్గర. అక్టోబరు కొలత మొదట్లో గేజి 1.21, చివర 1.19, దిగుతున్న నీళ్లు.

ఇసుకమేట

బాగా చేశారు. లెక్క చూద్దాం.

పరికరం ఎత్తు 101.345. దాంట్లోంచి 2.805 తీస్తే 2 మీటర్ల గుర్తు 98.540 దగ్గర ఉంది. ఉండాల్సింది 98.500. కొత్త సున్నా 96.540, అంటే 4 సెం.మీ. పైకి బిగించారు. వెడల్పు చెప్పినదీ అదే.

కాబట్టి అక్టోబరు కొలత పాత సున్నా ప్రకారం 1.24 దగ్గరిది. పట్టీ మళ్లీ బిగించిన రోజు నుంచి ఇవాళ్టి దాకా రాసిన ప్రతి రీడింగ్‌కూ 0.04 కలపాలి. రిజిస్టర్లో పాత అంకెలు కొట్టేయొద్దు, పక్కన ఇంకో వరుస వేసి దిద్దిన గేజి రాయండి. దిద్దుబాటు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు అన్నది ఎర్ర ఇంకుతో పైన ఒక వాక్యం. పట్టీని ఇప్పుడే పీకి మళ్లీ బిగించే తొందరేమీ లేదు. వంక ఎండాక చేయొచ్చు. అప్పటిదాకా 0.04 కలుపుతూ పోతే సరి.

ఈ 4 సెం.మీ. వల్ల వైశాల్యంలో వచ్చింది 1 చ.మీ. లోపే. మిగిలిన 2.5 చ.మీ. నిజంగా అడుగు కోసుకుపోయినదే, సగటున 11 సెం.మీ.

అసలు విషయం మేట దగ్గర ఉంది. దిద్దిన గేజి 0.66, లోతు 0.47, తేడా 0.19. పారుదల ఆగే గేజి 0.35 నుంచి 0.19కి పడిపోయింది. సెప్టెంబరు వరద మేటను 16 సెం.మీ. తెంచింది. కర్వ్‌లో 0.35 స్థానంలో 0.19 వేయి: 8.82 × (1.24 − 0.19) ఘాతం 1.6 = 9.5. నువ్వు కొలిచింది 10.1. తేడా 6 శాతం. 7 వర్టికల్స్ కొలతకు ఆ మాత్రం తేడా వింతేమీ కాదు. పాత కర్వ్‌తో 1.24కి వచ్చేది 7.3 మాత్రమే. అంటే కొలత తప్పు కాదు, కర్వ్‌కు కాలం చెల్లింది.

ఈ కొత్త 0.19ని ఎప్పటి నుంచి వాడాలి అన్నదే చాలాచోట్ల తప్పు జరిగే చోటు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రోజుకింత అని పంచకూడదు. మేట తెగేది వరద ఉధృతిలో, కొన్ని గంటల్లో. కాబట్టి సెప్టెంబరు వరద శిఖరం దాకా పాతది, దిగే నీళ్ల నుంచి కొత్తది. మళ్లీ ఇసుక మేట వేసి 0.19 కాస్తా 0.25కి ఎక్కితే మాత్రం అది మెల్లగా జరిగే పని, దాన్ని రోజులవారీగా పంచొచ్చు.

ఎక్కువ నీళ్లప్పుడు ఈ దిద్దుబాటును గుడ్డిగా వాడకు. 3.00 గేజి దగ్గర పాత కర్వ్ 41.9 ఇస్తుంది, కొత్తది 46.1. పది శాతం తేడా. అంత ఎత్తున నీళ్లను పట్టి ఉంచేది ఇసుక మేట కాదు, మొత్తం వంక పొడవూ, గట్లూ, చెట్లూ. అక్కడ పాత కర్వే నిజానికి దగ్గరగా ఉండొచ్చు. కొలిస్తేనే తెలుస్తుంది. ఇప్పటిదాకా కొలిచిన గరిష్ఠ డిశ్చార్జికి రెట్టింపు దాటి కర్వ్‌ను సాగదీసిన అంకెల పక్కన ‘అంచనా’ అని రాసి పెట్టు.

ఆ ఎత్తులో ఇంకోటుంది, పాపాఘ్నికి నీళ్లొస్తే మీ వంక వెనక్కి ఎగదన్నుతుంది. గేజి పెరుగుతుంది, పారుదల ఉండదు. అప్పుడు ఏ కర్వూ పనికిరాదు. సంగమం దగ్గర ఇంకో పట్టీ ఉంటే రెండింటి మధ్య వాలు చూసి పట్టుకోవచ్చు.

ఏటిపొడుగు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర రోజుకు ఒక్క రీడింగే, పొద్దున 8 గంటలది. దాన్నే రోజు సగటుగా వేసి టీఎంసీల్లోకి మారుస్తున్నారు. సరేనా?

స్పిన్‌టెస్ట్

కుందు లాంటి నదికి చాలావరకు సరిపోతుంది. కేసీ కాలువ నీళ్లు కలిసే చోట అది కూడా నమ్మలేం. వంకకు అస్సలు సరిపోదు. వరద ఉన్నన్నాళ్లూ గంటకొకటి తీయాలి.

గేజిల సగటు తీసి డిశ్చార్జి వేయడం కూడా తప్పే. పైన ఇచ్చిన కొత్త కర్వ్‌తోనే చూడండి. దిద్దిన గేజి సగం రోజు 0.75, సగం రోజు 2.35 ఉందనుకోండి. డిశ్చార్జి 3.5, 30.2. సగటు 16.9. గేజి సగటు 1.55 వేసి చూస్తే వచ్చేది 14.4. పదిహేను శాతం నీళ్లు కాగితం మీదే ఇంకిపోయాయి. ముందు ప్రతి గంట గేజినీ డిశ్చార్జిగా మార్చి, ఆ తర్వాతే సగటు.

టీఎంసీకి గుర్తు పెట్టుకోవాల్సిన అంకె 11,574. అన్ని క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. క్యుమెక్కును 35.31తో గుణిస్తే క్యూసెక్కులు. ఈ వంక 10.1 క్యుమెక్కులు అంటే 357 క్యూసెక్కులు, రోజంతా అలాగే పారితే 0.031 టీఎంసీ.

చెన్నూరు వంతెన

రిజిస్టరు గురించి రెండు ముక్కలు. వరుసగా 1.20, 1.18, 1.16, 1.14 అని రోజుకు సరిగ్గా 2 సెం.మీ. చొప్పున దిగే పేజీ కనిపిస్తే అది గేజి దగ్గర రాసింది కాదు, ఇంటి అరుగు మీద రాసింది. ఏరు అట్లా మెట్లు దిగినట్టు దిగదు. పోలేని రోజు ఖాళీ వదిలి కారణం రాయండి. పట్టీ దగ్గర అలలుంటే పైదీ కిందిదీ చూసి సగటు రాసి, ‘అల ±3’ అని పక్కన పెట్టండి. తప్పు పడితే ఒక్క గీత, పైన కొత్త అంకె, పొట్టి సంతకం. రబ్బరు వద్దు, వైట్నర్ అసలే వద్దు.

ప్రెషర్ సెన్సరు ఉన్న చోట దాని అంకె, పట్టీ అంకె రెండూ ఒకే నిమిషంలో రాయాలి. సెన్సరు గొట్టంలో బురద నిండితే గ్రాఫు బల్లపరుపుగా గీత గీస్తుంది, వరద వచ్చినా సరే.

ఇంకోటి. సెప్టెంబరుతో సీజను అయిపోయిందని సామాన్లు సర్దేయకండి. కడపకు అక్టోబరు, నవంబరులో కూడా పెద్ద వానలు పడతాయి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 2021 నవంబరు 19న.

వంకగట్టు

వచ్చే కొలతకు 22 వర్టికల్స్ గుర్తుపెట్టిన తాడు కట్టేశాం. 0.2, 0.8 రెండూ తీస్తాం. దిద్దిన గేజి వరుస ఇవాళే వేశాను, 0.04 ఎర్ర ఇంకుతో. మేట దగ్గర లోతు వారానికోసారి కొలిచి ఇక్కడే పెడతాను.